ములపేట రేవు, సిత్వే రేవు: కారిడార్ల డబ్బు ముందు ఎక్కడ పెట్టాలి?

నౌపడ వాసి (చర్చ మొదలుపెట్టినవారు)

మా శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి, టెక్కలి వైపు నలుగురు ఒకచోట చేరితే ఇప్పుడు ములపేట రేవు మాటే. 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన అయింది. మొదటి దశలో ఓడలు ఆగే బెర్తులు నాలుగు, ఏడాదికి సుమారు 2.35 కోట్ల టన్నుల సామర్థ్యం, అంచనా వ్యయం దాదాపు 4,362 కోట్లు అన్నారు. ములపేట, విష్ణుచక్రం ఊళ్ళవాళ్ళకు వేరేచోట ఇళ్ళు అన్నారు. కానీ ఆ రేవుకు సరుకు ఎలా చేరుతుంది, చేరిన సరుకులో ఎంత ఇక్కడ ఆగి మన పిల్లలకు పని ఇస్తుంది అని అడిగితే సూటిగా జవాబు చెప్పేవాళ్ళు దొరకడం లేదు.

ఇదే కాలంలో దేశం బయట మనం డబ్బు పెట్టిన కారిడార్లు, అంటే సరుకు రవాణా దారులు, ఏమయ్యాయో చూడండి. కలదాన్ ప్రాజెక్టుకు 2008లో మయన్మార్‌తో ఒప్పందం కుదిరింది. కోల్‌కతా నుంచి ఓడలో సిత్వే రేవుకు, అక్కడి నుంచి కలదాన్ నది మీద పలెట్వాకు, పలెట్వా నుంచి రోడ్డు మీద మిజోరంకు సరుకు వెళ్ళాలి. 2015లో అంచనాను 2,904 కోట్లకు పెంచారు. 2023 మేలో వెయ్యి టన్నుల సిమెంటుతో మొదటి ఓడ సిత్వే చేరింది. 2024 జనవరికల్లా పలెట్వా పట్టణం అరాకాన్ ఆర్మీ అనే సాయుధ దళం చేతిలోకి పోయింది. రేవు ఉంది, నది ఉంది, మధ్యలో రోడ్డు ఆగిపోయింది.

ఇరాన్‌లోని ఛాబహార్ రేవు సంగతీ అంతే. 2016లో ఇరాన్, అఫ్గానిస్తాన్‌లతో ఒప్పందం. 2018 చివర్లో అక్కడి టెర్మినల్‌ను నడిపే పని మన ప్రభుత్వ కంపెనీ చేపట్టింది. 2024 మేలో పదేళ్ళకు సంతకాలు చేశారు, పరికరాలకు 12 కోట్ల డాలర్లు, మరో 25 కోట్ల డాలర్లు అప్పుగా ఇస్తామన్నారు. 2025 సెప్టెంబరులో అమెరికా తన ఆంక్షల నుంచి ఇచ్చిన మినహాయింపు ఎత్తేసింది. బతిమాలి ఆరు నెలల గడువు తెచ్చుకోవాల్సి వచ్చింది. ఇక భారత్ నుంచి గల్ఫ్ మీదుగా యూరప్‌కు వెళ్ళే ఐమెక్ కారిడార్‌ను 2023 సెప్టెంబరు 9న ఢిల్లీ జీ20లో ప్రకటించారు. నెల తిరక్కుండానే, అక్టోబరు 7 దాడి, ఆ తర్వాత గాజా యుద్ధం.

నా వాదన ఒక్కటే. ఏ కారిడార్‌కైనా ఎక్కడో ఒక బలహీనమైన ముక్క ఉంటుంది. అది ఎవరి చేతిలో ఉంటే కారిడార్ వాళ్ళదే, డబ్బు ఎవరు పెట్టినా సరే. కాబట్టి రెండు కొసలూ మన చేతిలో ఉన్న దారులు ముందు పూర్తి చేయాలి. మీరేమంటారు?

రాజాం ఇంజినీరు

నౌపడ గారూ, మీ బాధలో న్యాయం ఉంది. కానీ రెండు వేరు వేరు పద్దులను ఒకచోట కలిపారు. కలదాన్ డబ్బు కేంద్ర విదేశాంగ శాఖది. ములపేట పని రాష్ట్ర మారిటైమ్ బోర్డు చేయిస్తోంది. రేపు కలదాన్ ఆపేస్తే ఆ 2,904 కోట్లు టెక్కలికి రావు.

రెండోది, ఈశాన్య రాష్ట్రాలకు మనకున్న నేల దారి సిలిగురి దగ్గర సన్నబడి 20, 22 కిలోమీటర్ల వెడల్పు మాత్రమే మిగులుతుంది. అదొక్కటే దారి అంటే ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. బంగ్లాదేశ్ మీదుగా పంపుకుందామని 2018లో చట్టోగ్రామ్, మోంగ్లా రేవుల కోసం ఒప్పందం చేసుకున్నాం. 2024 ఆగస్టులో అక్కడ ప్రభుత్వం కూలింది. 2025 ఏప్రిల్‌లో మన దేశం మీదుగా వేరే దేశాలకు సరుకు పంపుకునేందుకు మనమే వాళ్ళకిచ్చిన ట్రాన్స్‌షిప్‌మెంట్ సదుపాయం వెనక్కి తీసుకున్నాం. పొరుగువాళ్ళతో సంబంధం ఇలా మారుతూ ఉంటే మూడో దారి ఉండొద్దా?

అసలు విషయం ఇది. సిత్వేకు దక్షిణంగా, మయన్మార్‌లోని అదే రఖైన్ తీరంలో, చౌక్‌ప్యూ అనే చోటి నుంచి చైనా పైపులైన్లు వేసుకుంది. గ్యాస్ 2013లో, చమురు 2017లో చైనాలోని యునాన్‌కు వెళ్ళడం మొదలైంది. ఆ గ్యాస్ వచ్చేది ష్వే క్షేత్రం నుంచి. ఆ క్షేత్రంలో మన ఓఎన్‌జీసీ విదేశ్‌కు, గెయిల్‌కు వాటాలున్నాయి. వాటా మనది కూడా, గ్యాస్ మాత్రం చైనాకు. బంగ్లాదేశ్ మీదుగా పైపులైను వేద్దామని ఏళ్ళ తరబడి మాట్లాడుతూ కూర్చున్నాం, ఆ లోపు వాళ్ళు దారి కట్టేశారు. దారి కట్టినవాడికే సరుకు. మన విశాఖలో తూర్పు నౌకాదళం ఉంది, ఎదురుగా అదే బంగాళాఖాతంలో చైనా రేవు లేస్తోంది. దీన్ని మన జిల్లాకు సంబంధం లేని విషయం అనుకోలేం.

కొత్తవలస జంక్షన్

ఇద్దరూ చెప్పింది చదివాను. విదేశాల గురించి మాట్లాడుతున్నారు గానీ మన ఇంటి ముందు నుంచి ఒక అంతర్జాతీయ కారిడార్ అరవై ఏళ్ళుగా పోతోంది. దాని అనుభవం ఎవరూ ఎత్తలేదు.

కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం ఎందుకు వేశారో ఇప్పటి పిల్లలకు తెలీదు. అరకు అద్దాల పెట్టె కోసం కాదు. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనప ఖనిజం జపాన్ ఉక్కు మిల్లులకు పంపడానికి, జపాన్‌తో ఒప్పందం మీద 1960ల్లో వేశారు. తూర్పు కనుమలు తొలుచుకుంటూ 58 సొరంగాలు, దాదాపు 446 కిలోమీటర్లు. ఆ ఖనిజం కోసమే పెద్ద ఓడలు ఆగేలా విశాఖలో ఔటర్ హార్బర్ కట్టారు. కొండల్లో అంత కష్టమైన బ్రాడ్‌గేజ్ లైను అప్పట్లో పదేళ్ళ లోపే వేయగలిగారంటే కారణం ఒక్కటే: అవతలి కొసలో సరుకు కొనేవాడు ఖాయంగా ఉన్నాడు.

ఇప్పటికీ మా గేటు దగ్గర నిలబడితే తెలుస్తుంది. నిండు బండి కిందికి దిగుతుంటే పట్టాల పక్క కంకర అంతా ఎర్రగా మారిపోతుంది, ఇంటి గోడల మీద, ఆరేసిన బట్టల మీద అదే ఎరుపు. గేటు పడితే లెక్కపెట్టలేనన్ని వ్యాగన్లు పోయేదాకా ఆటోలు, స్కూలు బస్సులు ఆగాల్సిందే. ఆ వ్యాగన్లలో ఒక్కటీ ఇక్కడ ఆగదు.

ఆ ఖనిజం మన దగ్గర ఉక్కు ఎప్పుడైంది? 1966లో విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అని జనం రోడ్డెక్కితే, 32 మంది ప్రాణాలు పోయాక. 1971లో శంకుస్థాపన. జాతికి అంకితం చేసేసరికి 1992. జపాన్‌కు పంపే లైను ఎంత త్వరగా అయింది, మన సొంత కర్మాగారం ఎంత ఆలస్యమైంది, చూసుకోండి. కారిడార్ వేసినవాడు తన అవసరానికి వేస్తాడు. మన ఊరి అవసరం అందులో చేరాలంటే మనం పోరాడాలి, అదీ లైను వేయకముందే.

అందుకే నౌపడ గారి వాదనతో నాకు సగమే ఏకీభావం. కొసలు రెండూ మన దేశంలోనే ఉన్నా, మధ్యలో ఉన్న ఊరికి ఏమీ మిగలకపోవచ్చు.

సాలూరు ఘాట్

కొత్తవలస అన్నా, కరెక్టుగా చెప్పావు. రాయపూర్–విశాఖ ఆరు వరసల రోడ్డు ఇప్పుడు అదే కథ. 597 కిలోమీటర్ల దూరం 465కి తగ్గుతుందంటున్నారు. మంచిదే. కానీ అది ఎక్కడ పడితే అక్కడ ఎక్కే రోడ్డు కాదు. రెండు పక్కలా కంచె, ఇంటర్‌ఛేంజ్ ఉన్నచోటే ఎక్కాలి, దిగాలి. మా బంధువుల పొలం రోడ్డుకు ఇటు కొంత, అటు కొంత పడింది. నాగలి, పశువులు అండర్‌పాస్ కిందనుంచి చుట్టూ తిరిగి పోవాలి. వానపడితే అందులో మోకాళ్ళ లోతు నీళ్ళు. ఛత్తీస్‌గఢ్ సరుకు విశాఖ రేవుకు త్వరగా చేరుతుంది, మేం మా పొలానికి ఆలస్యంగా చేరుతున్నాం.

పలాస పిక్కలు

నేను జీడిపప్పు వ్యాపారిని. సిద్ధాంతాలు నాకు రావు, సరుకు సంగతి చెప్తాను.

పలాస బాయిలర్లలో ఉడికేదంతా ఇక్కడి ఉద్దానం జీడి పిక్క కాదు. 2018లో తిత్లీ తుపాను మా జీడి తోటలను, కొబ్బరిని నేలమట్టం చేసింది. కొత్త చెట్టు కాపుకు రావాలంటే ఏళ్ళు పడుతుంది. అంతకుముందు నుంచే మాకు ఆఫ్రికా పిక్క కావాలి. ఐవరీ కోస్ట్, బెనిన్, టాంజానియాల నుంచి వస్తుంది. అంటే పలాస ఇప్పటికే ఒక అంతర్జాతీయ కారిడార్‌లో ఉంది, ఎవరూ ఆ పేరు పెట్టలేదు, అంతే.

ఆ పిక్క విశాఖలో దిగి లారీల మీద మాకు వస్తుంది. ములపేట మాకు కూతవేటు దూరం. రేవు వస్తే లారీ కిరాయి మిగిలిపోతుందని చాలామంది ఆశ. నేను అంత తొందరగా ఆశపడను. కంటైనర్ ఓడ సరుకు ఎక్కువ ఉన్నచోట ఆగుతుంది. మా పిక్కల కోసం ఒక ఓడ ప్రత్యేకంగా ములపేటకు రాదు. పక్కన గోపాల్‌పూర్ ఉంది, ఇటు విశాఖ, గంగవరం ఉన్నాయి. బొగ్గు, ఖనిజం దించుకుని పోయే రేవుగా ములపేట మిగిలితే మాకు దుమ్ము తప్ప ఏమీ రాదు.

మాకు కావలసినవి చిన్నవి. పిక్క దిగితే దానికి తెగుళ్ళ తనిఖీ చేసే ఆఫీసు, పురుగు చావడానికి మందు పొగ పెట్టే ఫ్యూమిగేషన్, కస్టమ్స్, తేమ పట్టకుండా నిలవ పెట్టుకునే గోడౌను. ఇవి రేవుతోపాటే ఉండాలి. రేవు కట్టిన పదేళ్ళకు అడిగితే అప్పటికి చోటు ఉండదు. పిక్క తడిస్తే పప్పు మచ్చ పడుతుంది, గుండు (విరగని పప్పు) రావలసింది బద్ద అవుతుంది, ధర పడిపోతుంది. చేతులకు జీడి అంటుకుని నల్లబడ్డ ఆడవాళ్ళు రోజంతా వలిచిన కష్టం ఆ ఒక్క తేమతో పోతుంది.

ఇంకో సంగతి. బెనిన్ ప్రభుత్వం 2024 ఏప్రిల్ నుంచి ముడి పిక్కల ఎగుమతి నిషేధిస్తామని ముందే ప్రకటించింది. తమ పిక్క తమ దేశంలోనే వలవాలి, తమవాళ్ళకే పని దొరకాలి అని. మన వ్యాపారానికి దెబ్బే. అయినా వాళ్ళను తప్పుపట్టలేను. మనం కూడా మన టెక్కలి గ్రానైట్ విషయంలో అదే అడగాలి. దిమ్మలు దిమ్మలుగా లారీలెక్కి పోతున్నాయి, కోత, పాలిష్ వేరేచోట.

నెల్లిమర్ల గోగునార

దారి వేస్తే సరుకు రెండు వైపులా నడుస్తుంది. ఆ రెండో వైపు గురించి విజయనగరం జిల్లా వాళ్ళు చెప్పాలి.

ఒకప్పుడు మన గోగునార భీమిలి రేవు నుంచి విదేశాలకు వెళ్ళేది. దాని పేరే భీమిలి జనపనార అని పడింది. ఆ నార మీదే మా వైపు మిల్లులు లేచాయి. తర్వాత దక్షిణాసియా దేశాల స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం సాఫ్టా కింద బంగ్లాదేశ్ జనపనార సరుకు సుంకం లేకుండా రావడం మొదలైంది. మిల్లులు మొత్తుకుంటే 2017 జనవరిలో, మరీ చవగ్గా తెచ్చి దించే సరుకు మీద వేసే యాంటీ డంపింగ్ సుంకం వేశారు. 2025 జూన్‌లో నేల సరిహద్దుల గుండా ఆ సరుకు రాకుండా ఆపి, ముంబయి పక్కనున్న నవా షేవా రేవు నుంచే రావాలన్నారు. అది జనపనార మీద ప్రేమతో కాదు, ఢాకాతో సంబంధాలు చెడినందుకు. మిల్లులు మూతపడటానికి ప్లాస్టిక్ సంచులు, ముడి నార ధర, కరెంటు బిల్లు, ఇలా చాలా కారణాలున్నాయి, బంగ్లాదేశ్ ఒక్కదాన్నే అనను. కానీ మిల్లు కార్మికుడి జీతం ఢిల్లీ, ఢాకా ఎలా మాట్లాడుకుంటున్నాయన్న దాని మీద ఆధారపడి ఉంది. లాకౌట్ బోర్డు పడ్డ రోజు గేటు ముందు నిలబడ్డవాళ్ళకు అది ఎవరూ విడమరిచి చెప్పరు.

భావనపాడు బోటు

చదువుకున్నవాళ్ళంతా టన్నులు, డాలర్లు లెక్కేశారు. వేటకెళ్ళేవాళ్ళ మాట కూడా ఒకటి వినండి.

శ్రీకాకుళం తీరం 193 కిలోమీటర్లు. ఇంత తీరం ఉండి కూడా పెద్ద బోటు నిలిపే హార్బర్ లేక మనవాళ్ళు వేరావల్ పోయి గుజరాత్ బోట్ల మీద కూలికి ఎక్కుతున్నారు. 2018 నవంబరులో అలా వెళ్ళిన శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళు పాకిస్తాన్ చేతికి చిక్కారు. 2020 జనవరిలో వాఘా దగ్గర వదిలేదాకా ఇళ్ళల్లో ఆడవాళ్ళ ఏడుపు మా పేటల్లో విన్నాం. సముద్రంలో గీత ఎక్కడుందో వల వేసేవాడికి కనబడదు.

ఆ పాకిస్తాన్‌లోనే గ్వాదర్ అనే రేవు ఉంది. పాకిస్తాన్ మీదుగా పోయే చైనా కారిడార్‌కు అదే చివరి కొస. 2015లో 4,600 కోట్ల డాలర్లు అని మొదలుపెట్టారు. 2021 చివర్లో ఆ ఊరి మత్స్యకారులు వేలమంది ధర్నాకు కూర్చున్నారు. ఆడవాళ్ళు కూడా వచ్చారు. ఏం అడిగారు? తాగునీళ్ళు ఇవ్వండి, పెద్ద ట్రాలర్లను మా సముద్రం నుంచి పంపేయండి, మా ఊళ్ళో మమ్మల్ని చెక్‌పోస్టుల దగ్గర ఆపకండి అని. వాళ్ళు మనకు శత్రుదేశం వాళ్ళు కావచ్చు. ఆ మూడు మాటలు మాత్రం మావే.

మా మండలంలోనే 2011లో కాకరాపల్లి దగ్గర థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దన్నవాళ్ళ మీద జరిగిన కాల్పుల్లో మనుషులు పోయారు. అంతకు ముందు ఏడాది సోంపేటలో. రెండుచోట్లా జనం అడిగింది మా బీల (చిత్తడి నేల), మా వేట మాకు వదలండి అని. ఇప్పుడు రేవు వద్దని నేను అనడం లేదు. మా కుర్రోళ్ళకూ పని కావాలి. కానీ రాళ్ళ గోడ సముద్రంలోకి వేశాక ఇసుక ఒక పక్క మేట వేస్తుంది, ఇంకో పక్క ఒడ్డు కోసుకుపోతుంది. ఆ కోసుకుపోయే పక్కన ఉన్న ఊళ్ళకు ఏం చేస్తారో కాగితం మీద రాసి ఇవ్వమనండి. రేవు లోపల మా బోట్లకు ఒక జెట్టీ రాసి ఇవ్వమనండి. నోటిమాట వద్దు.

విజయనగరం లెక్చరరమ్మ

చర్చ మంచి దారిలో పోతోంది. చైనా అప్పు అనగానే అందరూ శ్రీలంకలోని హంబన్‌టోట పేరు చెప్తారు కాబట్టి, అక్కడ జరిగిందేమిటో చెప్తాను. ఆ రేవు కోసం చైనా బ్యాంకు అప్పిచ్చింది, 2010లో రేవు మొదలైంది, ఓడలు రాలేదు. 2017లో చైనా కంపెనీకి 99 ఏళ్ళకు లీజుకిచ్చి 112 కోట్ల డాలర్లు తీసుకున్నారు. అప్పు కింద రేవు జమ కట్టుకున్నారని ప్రచారం జరిగింది. నిజానికి ఆ డబ్బు శ్రీలంక విదేశీ మారక నిల్వలోకి వెళ్ళింది. రేవు అప్పు అలాగే ఉంది. 2022లో ఆ దేశం చేతులెత్తేసినప్పుడు దాని విదేశీ అప్పులో పెద్ద భాగం చైనాది కాదు, అంతర్జాతీయ మార్కెట్‌లో అమ్మిన బాండ్లది.

ఇది చెప్పడం చైనాను వెనకేసుకు రావడానికి కాదు. రేవుకు సరుకు ఎక్కడి నుంచి వస్తుందో చూడకుండా, అప్పటి అధ్యక్షుడి సొంత జిల్లా అని కట్టారు. అప్పు ఎవరిదైనా ఫలితం అదే అయ్యేది. సరుకు లేని రేవు ఎవరి డబ్బుతో కట్టినా భారమే. ములపేటకు కూడా ఇదే పరీక్ష పెట్టాలి.

మన కారిడార్లకు కూడా బయటి డబ్బు ఉంది. విశాఖ–చెన్నై పారిశ్రామిక కారిడార్‌కు ఆసియా అభివృద్ధి బ్యాంకు 2016లో 63.1 కోట్ల డాలర్ల అప్పులు, గ్రాంట్లు ఆమోదించింది. దానిలో ఎంచుకున్న నాలుగు కేంద్రాలు విశాఖ, మచిలీపట్నం, దొనకొండ, శ్రీకాళహస్తి–ఏర్పేడు. విజయనగరం లేదు, శ్రీకాకుళం లేదు. ఆ బ్యాంకు వెబ్‌సైట్‌లో షరతుల కాగితాలు ఎవరైనా చదవొచ్చు. చైనా అప్పులతో అసలు చిక్కు అదే, ఒప్పంద పత్రాలు బయటికి రావు. కాబట్టి నేను చూసేది అప్పిచ్చినవాడి జెండా కాదు, కాగితం బయట ఉందా లేదా అని.

రాజాం ఇంజినీరు

లెక్చరరమ్మ గారు చెప్పినదాంట్లో సరుకు పరీక్ష అన్న మాట ఒప్పుకుంటాను, రేవుల విషయంలో. కానీ దేశ భద్రతకు కట్టే దారికి అదే పరీక్ష పెడితే సరిహద్దులో ఒక్క రోడ్డూ వేయలేం. ఛాబహార్ లేకపోతే పాకిస్తాన్ గడప తొక్కకుండా అఫ్గానిస్తాన్‌కు వెళ్ళే దగ్గరి దారి మనకు లేదు. 2017లో గోధుమలు ఆ దారినే పంపాం. అక్కడి నుంచి గ్వాదర్ ఎంతో దూరం కాదు. మనం వదిలేసిన రోజు ఆ చోటు ఖాళీగా ఉండదు.

భావనపాడు తమ్ముడు చెప్పిన జెట్టీ సంగతి మాత్రం పూర్తిగా న్యాయం.

నౌపడ వాసి

ఇంజినీరు గారూ, పద్దులు వేరని మొదట అన్నారు, నిజమే. పద్దు వేరైనా పట్టుదల ఒకటే ఉంటుంది గదా. విదేశాంగ మంత్రి, ప్రధాని స్థాయిలో సిత్వే గురించి ఎన్నిసార్లు మాట్లాడారో, మా నౌపడ–గుణుపూర్ లైను గురించి ఎన్నిసార్లు మాట్లాడారో పోల్చి చూడండి.

ఆ లైను సంగతి తెలియనివాళ్ళకు చెప్తాను. పర్లాకిమిడి రాజావారి కాలంలో 1900లో చిన్న గేజి బండిగా మొదలైంది. 2011లో బ్రాడ్‌గేజ్ అయింది. గుణుపూర్ దగ్గర ఆగిపోతుంది. అక్కడి నుంచి తెరువలి దాకా కలిపితే రాయపూర్–విజయనగరం మార్గంలో కలుస్తుంది. అప్పుడు రాయగడ సరుకు విజయనగరం చుట్టూ తిరక్కుండా నేరుగా నౌపడకు, అక్కడి నుంచి ములపేటకు దిగుతుంది. సరుకు పరీక్షలో ములపేట నెగ్గాలంటే ఆ లైనే దానికి ప్రాణం. ఈ దారిలో అరాకాన్ ఆర్మీ లేదు, అమెరికా ఆంక్షలు లేవు. ఉన్నదల్లా రెండు రాష్ట్రాలు, ఒక రైల్వే శాఖ.

1931లో రాయపూర్–విజయనగరం లైను, 1933లో విశాఖ రేవు ఒకదానికొకటి తోడుగా వచ్చాయి. అందుకే విశాఖ నిలబడింది, లోపలికి రైలు లేని కళింగపట్నం వెనకబడిపోయింది. వంశధార కలిసేచోట ఎంత పాత రేవు అది. ఇప్పుడక్కడ దీపస్తంభం చూడ్డానికి ఆదివారం జనం వస్తారు, ఓడలు రావు.

కొత్తవలస అన్న మాట నా వాదనకు చేర్చుకుంటున్నాను. కొసలు మన చేతిలో ఉంటే చాలదు, మధ్యలో సరుకు ఆగే చోటు కూడా ఉండాలి. పలాస గారి గోడౌను, తనిఖీ ఆఫీసు, టెక్కలి గ్రానైటుకు కోత మిల్లులు, భావనపాడు వాళ్ళ జెట్టీ: ఇవన్నీ రేవు ఒప్పందంలోనే రాయాలి, తర్వాత చూద్దాం అనే పని కాదు.

సిత్వే, ఛాబహార్ మూసేయమని నేను అనలేదు. వాటిని రక్షణ ఖర్చు అని చెప్పి రక్షణ ఖర్చుగానే చూపండి, వ్యాపారం పెరుగుతుందని మాకు చెప్పకండి. అప్పుడు ఎంత పెట్టాలన్నది ఆ లెక్కన తేలుతుంది.

రాజాం ఇంజినీరు

ఆ చివరి మాట వరకు నాకు అభ్యంతరం లేదు. కానీ వ్యాపారం ఎప్పటికీ రాదని ఇప్పుడే తేల్చేయొద్దు. మయన్మార్‌లో యుద్ధం ఆగిన రోజున సిత్వే రేవు సిద్ధంగా ఉంటే మన విశాఖ, ములపేటల నుంచి సిమెంటు, బియ్యం, ఉక్కు అటు పోవచ్చు. ఆ తీరానికి ఎదురుగా ఉన్నది మన తీరమే. కట్టి ఉంచినవాడే ఆ రోజు ముందుంటాడు.

పలాస పిక్కలు

ఇంజినీరు బాబూ, ఆ రోజు ములపేట నుంచి బియ్యం ఓడ ఎక్కాలన్నా ముందు గుణుపూర్ లైను, గోడౌను ఉండాలి గదా. నౌపడ గారూ, ఈసారి రేవు అధికారులు ఊళ్ళోకి వచ్చినప్పుడు తనిఖీ ఆఫీసు సంగతి మా వ్యాపారుల తరఫున రాసి ఇస్తాం. మత్స్యకారుల జెట్టీ కూడా అదే కాగితంలో పెడదాం, భావనపాడు తమ్ముడు సంతకాలు చేయిస్తే.

భావనపాడు బోటు

చేయిస్తాను. ఇసుక కోత సంగతి కూడా అందులో రాయండి, అది మర్చిపోకండి.